పెట్టె మీద ముద్రించని అంకె

మ్యూజిక్ ప్లేయర్ పెట్టె మీద ఏం రాసుంటుందో ఒకసారి చూడండి. 32 బిట్, 768 కిలోహెర్ట్జ్. డీఎస్‌డీ 512. రెండు డ్యాక్ చిప్‌లు (ఫైల్లోని అంకెల్ని విద్యుత్ సంకేతంగా మార్చేవి), వాటి పేరు బంగారు రంగు అక్షరాల్లో. 4.4 ఎంఎం బాలెన్స్‌డ్ జాక్. కొనేవాళ్ళు కూడా వీటినే పక్కపక్కన పెట్టి పోల్చుకుంటారు. 40 వేల ప్లేయర్‌లో ఒకటే చిప్ ఉంది, 60 వేల దాంట్లో రెండున్నాయి, కాబట్టి అదే మేలని తేల్చేసుకుంటారు. కానీ మీ ఇయర్‌ఫోన్ స్వరాన్ని నిజంగా మార్చగల అంకె ఆ పెట్టె మీద ఉండదు. దాని పేరు ఔట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే ప్లేయర్ వైపు ఉండే విద్యుత్ నిరోధం. చాలా ప్లేయర్లతో వచ్చే కాగితాల్లో వెతికినా అది దొరకదు.

శబ్దం విషయంలో ప్లేయర్‌కి ఉన్నది ఒకటే పని. ఫైల్లో ఉన్నదానికి ఏమీ కలపకుండా, దాంట్లోంచి ఏమీ తియ్యకుండా ఇయర్‌ఫోన్ దాకా చేర్చాలి. ఆ పని సరిగా చేస్తోందో లేదో మూడు అంకెలతో తేలిపోతుంది: ఔట్‌పుట్ ఇంపీడెన్స్ ఎంత, ఎన్ని వోల్టులు ఇవ్వగలదు, పాట లేనప్పుడు తనంతట తాను ఎంత చప్పుడు చేస్తుంది. ఈ మూడూ బాగున్న రెండు ప్లేయర్ల మధ్య "ఇంకా మంచి శబ్దం" కోసం డబ్బు పెట్టడం దండగని నా గట్టి నమ్మకం. ఆ డబ్బు ఇయర్‌ఫోన్‌కి పోవాలి, మంచి ఫైళ్ళకి పోవాలి. విడిగా ప్లేయర్ కొనొద్దని కాదు. కొనడానికి వేరే మంచి కారణాలున్నాయి, అవి తర్వాత చెబుతాను.

చిప్ పేరు చూసి కొనడం

1982లో సీడీ వచ్చినప్పుడే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ అని ఖాయం చేశారు. 16 బిట్ అంటే అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య 96 డెసిబెల్స్ దూరం. నిశ్శబ్దంగా ఉందనుకునే గదిలోనే 30 డెసిబెల్స్ దాకా చప్పుడు ఉంటుంది. దాని మీద 96 వేస్తే 126, అంటే చెవులు నొప్పెట్టే చోటు. ఇక 44.1 కిలోహెర్ట్జ్ దాదాపు 22 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనిని పట్టుకుంటుంది. కుర్రవాళ్ళ చెవికే 20 హద్దు, 40 ఏళ్ళు దాటినవాళ్ళలో చాలామందికి 15 దగ్గరే ఆగిపోతుంది. ఇవాళ ఫోన్‌కి తగిలించి ఇయర్‌ఫోన్ పెట్టుకునే వెయ్యి, రెండు వేల రూపాయల డాంగిల్‌లో పెట్టే డ్యాక్ కూడా ఈ పని హాయిగా చేసేస్తుంది.

2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయొకాలో ఏకేఎం అనే కంపెనీ డ్యాక్ చిప్‌ల ఫ్యాక్టరీ కాలిపోయింది. ఆ చిప్‌ల "వెల్వెట్ సౌండ్" మీద అంతవరకూ ఎంతో ప్రచారం జరిగింది. సరుకు దొరక్క చాలా కంపెనీలు ఈఎస్ఎస్, సిరస్ లాజిక్ చిప్‌ల వైపు మళ్ళాయి. చిప్ మారిందని ఎవరి సంగీతమూ పాడవలేదు. ఎందుకంటే పేరున్న చిప్‌లన్నీ చెవి హద్దు దాటేసి చాలా కాలమైంది. మంచి చిప్ చుట్టూ నాసిరకం కరెంటు సరఫరా, బలం లేని ఆంప్లిఫయర్ పెట్టి పాడుచేసిన ప్లేయర్లూ ఉన్నాయి, చవక చిప్‌తో చక్కగా కట్టినవీ ఉన్నాయి. చిప్ పేరు చూసి ప్లేయర్ కొనడం అంటే బియ్యం బస్తా మీద బొమ్మ చూసి అన్నం రుచి చెప్పడమే.

సీడీ కన్నా ఎక్కువ బిట్లు, కిలోహెర్ట్జ్‌లతో వచ్చే హై రిజల్యూషన్ ఫైళ్ళ సంగతీ ఇక్కడే తేల్చుకోవాలి. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. హై రిజల్యూషన్ డిస్కుల ధ్వనిని నేరుగా ఒకసారి, సీడీ స్థాయికి తగ్గించి ఒకసారి వినిపించి ఏది ఏదో చెప్పమన్నారు. 554 సార్లలో 276 సార్లు సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. దీనికి ఎదురు సాక్ష్యం లేదా అంటే ఉంది, దాన్ని దాచకూడదు. 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీకి చెందిన జాషువా రైస్ 18 ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్క కడితే సరైన జవాబులు 52.3 శాతం తేలాయి. వేల జవాబుల మీద వచ్చిన అంకె కాబట్టి గాలివాటమని కొట్టెయ్యలేం. ముందు శిక్షణ తీసుకున్నవాళ్ళు దాదాపు 60 శాతం సరిగ్గా చెప్పారు కూడా. కాబట్టి తేడా బొత్తిగా లేదని నేను అనను. ప్రశాంతమైన గదిలో కూర్చుని, చెవులు రిక్కించి వింటే సగటున వందకి రెండు మూడు సార్లు, శిక్షణ ఉంటే పది సార్లు ఎక్కువ పట్టుకోగలిగే తేడా అది. బస్సులో, మెట్రోలో వినే పరికరం కొనేటప్పుడు దాని వంతు ఎంతో మీరే చూసుకోండి.

అసలు లెక్క

ప్లేయర్ లోపలి ఆంప్లిఫయర్‌కీ మీ ఇయర్‌ఫోన్‌కీ మధ్య ఎప్పుడూ కొంత నిరోధం ఉంటుంది. అదే ఔట్‌పుట్ ఇంపీడెన్స్. ఆంప్లిఫయర్ ఇచ్చే వోల్టేజీని అదీ, ఇయర్‌ఫోన్ కలిసి పంచుకుంటాయి. ఇయర్‌ఫోన్ ఇంపీడెన్స్ అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉంటే గొడవే లేదు, వాల్యూమ్ కాస్త తగ్గుతుందంతే. కానీ నాలుగైదు బాలెన్స్‌డ్ ఆర్మేచర్లు (బుల్లి స్పీకర్లు) పెట్టిన ఇయర్‌ఫోన్లలో అది ఒక చోట 8 ఓమ్‌లు, ఇంకో చోట 40 ఓమ్‌లు ఉండొచ్చు.

ప్లేయర్ వైపు 10 ఓమ్‌లు ఉన్నాయనుకుందాం. ఇయర్‌ఫోన్ 40 ఓమ్‌లు ఉన్నచోట వోల్టేజీలో 50కి 40 వంతులు దానికి చేరుతుంది, నష్టం 1.9 డెసిబెల్స్. 8 ఓమ్‌లు ఉన్నచోట 18కి 8 వంతులే చేరుతుంది, నష్టం 7 డెసిబెల్స్. రెంటికీ మధ్య 5 డెసిబెల్స్ తేడా, ఎవరూ ఈక్వలైజర్ ముట్టుకోకుండానే! ఆ 8 ఓమ్‌లు 7 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల పడ్డాయంటే తాళాల మెరుపు, గాయని పలికే సకారపు అంచు వెనక్కి పోతాయి. బేస్ దగ్గర పడ్డాయంటే మృదంగం ఎడమ చేతి గుంకారం పలచబడుతుంది. అదే ప్లేయర్ వైపు 1 ఓమ్ ఉంటే మొత్తం తేడా 0.8 డెసిబెల్. దాన్ని వెతికి పట్టుకోవాలి.

అందుకే "ఈ ప్లేయర్ ధ్వని మెత్తగా ఉంది, ఆ ప్లేయర్ పదునుగా ఉంది" అనేవాళ్ళంతా భ్రమపడుతున్నారని నేను ఒప్పుకోను. చాలామంది నిజంగానే వింటున్నారు. కారణం మాత్రం చిప్ కాదు, ఈ పంపకం. ఆ మెత్తదనం ఆ ప్లేయర్ గుణం కూడా కాదు. అదే ప్లేయర్‌కి 300 ఓమ్‌ల పెద్ద హెడ్‌ఫోన్ తగిలిస్తే, బేస్ దగ్గర దాని ఇంపీడెన్స్ 500కి ఎగబాకినా తేడా 0.1 డెసిబెల్ దగ్గరే ఆగిపోతుంది. ఇయర్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతుకి మించకుండా ప్లేయర్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ ఉండాలనేది వాడుకలో ఉన్న కొలత. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కి 2 ఓమ్‌లు హద్దు. ఎక్కువ ఆర్మేచర్లున్న వాటికి 1 ఓమ్ దాటనివ్వకపోవడమే మంచిది.

కంపెనీ చెప్పకపోతే ఇంట్లోనే కొలుచుకోవచ్చు. కావలసినవి: 33 ఓమ్‌ల అర వాట్ రెసిస్టర్ ఒకటి, మూడు కంటాక్టుల 3.5 ఎంఎం ప్లగ్ ఒకటి, ఏసీ 2 వోల్టుల రేంజ్ ఉన్న మల్టీమీటర్. ఈ చివరిదాని దగ్గరే చాలామంది బోల్తా పడతారు. రెండు మూడు వందలకు దొరికే పసుపు రంగు మల్టీమీటర్లలో ఏసీ రేంజ్ 200 వోల్టుల నుంచి మొదలవుతుంది, దాంతో అర వోల్టు కొలవడం కుదరదు. పాత ఇయర్‌ఫోన్ తెంపి ఆ వైరు వాడుకునేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆ సన్నని తీగల మీద రంగు పూత ఉంటుంది. కాల్చో, గీకో తీస్తే తప్ప టంకం అంటదు, మీటర్ ఏమీ చూపించదు.

ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ప్రోగ్రాంలో 100 హెర్ట్జ్ టోన్ ఒక నిమిషం పాటు తయారు చేసుకోండి, ఆంప్లిట్యూడ్ 0.5 చాలు. ఈక్వలైజర్, బేస్ బూస్ట్ అన్నీ ఆపేసి ప్లే చేస్తూ, ప్లగ్ కొసకీ మొదలుకీ మధ్య వోల్టేజీ చూడండి. 0.500 వచ్చిందనుకుందాం. వాల్యూమ్ కదపకుండా అదే రెండు చోట్ల మధ్య రెసిస్టర్ తగిలించి మళ్ళీ చూడండి. 0.440 వచ్చిందా? తగ్గిన 0.060ని మిగిలిన 0.440తో భాగించి 33తో గుణించండి. 4.5 ఓమ్‌లు. 16 ఓమ్‌ల ఆర్మేచర్ ఇయర్‌ఫోన్‌కి ఆ ప్లేయర్ పనికిరాదు. 0.490 దగ్గర ఆగితే 0.7 ఓమ్, నిశ్చింతగా వాడుకోవచ్చు. కొన్ని డాంగిళ్ళు ఏదో ఒకటి తగిలిస్తేనే మేల్కొంటాయి. వాటికి మొదటి కొలత 1000 ఓమ్‌ల రెసిస్టర్‌తో తీసుకుంటే సరిపోతుంది.

ఎంత బలం కావాలి

పెట్టె మీద "1000 మిల్లీవాట్లు" అని ఉంటే ఆకర్షణగానే ఉంటుంది. కానీ 105 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్, అంటే ఒక మిల్లీవాట్‌కి 105 పలికేది, 110 డెసిబెల్స్ దాకా వెళ్ళడానికి 3.2 మిల్లీవాట్లు తీసుకుంటుంది. వోల్టుల్లో 0.22. 110 అంటే పాటలో క్షణకాలం వచ్చే శిఖరం. మామూలుగా వినాల్సింది చాలా కింద, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్. అంటే 1 వోల్టు ఇచ్చే మామూలు డాంగిల్ కూడా ఇలాంటి ఇయర్‌ఫోన్‌కి అవసరానికి నాలుగు రెట్లు ఎక్కువ.

బలం నిజంగా కావలసినవి రెండు రకాలు. ఒకటి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్లు. వోల్టుకి 100 డెసిబెల్స్ పలికేదానికి 110 కావాలంటే 3.2 వోల్టులుండాలి, 1 వోల్టు డాంగిల్ చాలదు. రెండోది బద్ధకపు ప్లానార్‌లు, అంటే పలచని పొర మొత్తం కదిలి శబ్దం చేసేవి. 18 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 90 డెసిబెల్స్ అయితే 1.3 వోల్టులు, 75 మిల్లీయాంపుల కరెంటు కావాలి. వోల్టేజీ ఉండి కరెంటు లేని డాంగిల్ ఇక్కడ బేస్ వచ్చినప్పుడల్లా చిట్లుతుంది. చాలామంది దాన్ని ఇయర్‌ఫోన్ లోపమనుకుని వెనక్కి పంపేస్తుంటారు. మీ దగ్గర ఈ రెండు రకాలూ లేకపోతే మిల్లీవాట్ల పోటీని పట్టించుకోనక్కర్లేదు.

అవసరం లేని బలంతో నష్టం కూడా ఉంది. అదే బుస. పాట ఆపినప్పుడు చెవిలో సన్నగా సుయ్‌మంటూ ఉంటుంది చూశారా, అది. పైన చెప్పిన 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కి 1 వోల్టు ఇస్తే 123 డెసిబెల్స్ పలుకుతుంది. ప్లేయర్ తనంతట తాను 10 మైక్రోవోల్టుల చప్పుడు చేస్తే చెవిలో అది 23 డెసిబెల్స్, రాత్రి పూట తంబూరా ఒక్కటే మోగుతున్నప్పుడు తెలిసిపోతుంది. 2 మైక్రోవోల్టులైతే 9 డెసిబెల్స్, వినపడదు. కొనేముందు చేయాల్సిన పరీక్ష తేలిక. సద్దుమణిగిన చోట మీ సొంత ఇయర్‌ఫోన్ పెట్టుకుని, శబ్దం లేని ఫైల్ ప్లే చేసి వినండి. పాజ్ చేసి వింటే లాభం లేదు, చాలా ప్లేయర్లు పాజ్‌లో ఆంప్లిఫయర్‌ని ఆపేస్తాయి. గెయిన్ (ఆంప్లిఫయర్ ఎంత పెంచాలనే మోతాదు) మార్చే వీలుంటే "లో"లో పెట్టండి.

దుకాణంలో చెవి మోసం

దుకాణాల్లో ఒక తంతు ఉంది. కుర్రాడు ప్లేయర్‌కి 3.5 జాక్‌లో ఇయర్‌ఫోన్ పెట్టి ఒక పాట వినిపిస్తాడు. తర్వాత కేబుల్ మార్చి 4.4 బాలెన్స్‌డ్ జాక్‌లో అదే పాట, వాల్యూమ్ అంకె కదపకుండా. వినేవాళ్ళ మొహం వెలిగిపోతుంది. "వాయిద్యాలు విడివిడిగా వినపడుతున్నాయి కదండీ?" అంటాడు కుర్రాడు. నిజమే, వినపడతాయి. బాలెన్స్‌డ్ జాక్‌లో సాధారణంగా వోల్టేజీ రెట్టింపు, అంటే 6 డెసిబెల్స్ పెద్దగా మోగుతోంది. ఒక్క డెసిబెల్ పెంచినా మన చెవి దాన్ని "పెద్దది" అనుకోదు, "స్పష్టంగా ఉంది" అనుకుంటుంది. ఆ కుర్రాడు అబద్ధమాడుతున్నాడని కాదు, అతనూ అలాగే విన్నాడు. బాలెన్స్‌డ్‌లో ఔట్‌పుట్ ఇంపీడెన్స్ కూడా మామూలుగా రెట్టింపవుతుందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

రెండు ప్లేయర్లు పోల్చాలంటే ముందు శబ్దం సమం చెయ్యాలి. ఇందాకటి మల్టీమీటరే ఇక్కడా పనికొస్తుంది. రెంటిలోనూ అదే టోన్ పెట్టి, రెసిస్టర్ తగిలించి, వోల్టేజీలు ఒక శాతం లోపలికి తెచ్చుకోండి: ఒకటి 0.500 అయితే రెండోది 0.495, 0.505 మధ్య. ఆపైన ఏది మోగుతోందో తెలియకుండా ఇంకొకరి చేత మార్పించుకుని, 16 సార్లు విని, జవాబులు కాగితం మీద రాసుకోవాలి. 12 సరైతే తేడా ఉన్నట్టే. 8, 9 దగ్గర ఆగితే రెండు ప్లేయర్లలో చవకది ఉంచుకోండి.

బ్లూటూత్ గురించి ఒక్క మాట. వైర్ లేని ఇయర్‌ఫోన్ వాడేటప్పుడు డ్యాక్, ఆంప్లిఫయర్ రెండూ ఆ ఇయర్‌ఫోన్‌లోనే ఉంటాయి. ప్లేయర్ లోపలి ఖరీదైన చిప్ ఊరికే కూర్చుంటుంది. బ్లూటూత్‌తోనే వినేవాళ్ళు శబ్దం కోసమని ప్లేయర్ కొనడంలో అర్థమే లేదు.

మరి ప్లేయర్ ఎందుకు

ఫోన్‌లో ఫోను మోగుతుంది, వాట్సాప్ గంట కొడుతుంది, డాంగిల్ ఛార్జ్ తింటుంది, జేబులో డాంగిల్ వైరు వంగి ఆరు నెలలకు ఒక చెవి పోతుంది. కొన్ని డాంగిళ్ళు ఆండ్రాయిడ్‌లో సగం శబ్దం దగ్గరే ఆగిపోతాయి, తమ లోపలి వాల్యూమ్‌ని ఫోన్ పూర్తిగా తెరవదు కాబట్టి. ఒక కచేరీ మొదటి నుంచి చివరి దాకా అడ్డు లేకుండా వినాలనుకునేవాళ్ళకి విడి ప్లేయర్ గొప్ప సుఖం. ఆ సుఖానికి డబ్బు పెట్టడం పూర్తిగా న్యాయం. కానీ అప్పుడు చూడాల్సినవి వేరు: బటన్లు చీకట్లో చేతికి తెలుస్తాయా, బ్యాటరీ మార్చడానికి వీలుందా, పాటకీ పాటకీ మధ్య ఖాళీ రాకుండా మోగిస్తుందా. ఈ చివరిది మనకి ముఖ్యం. సీడీలో రాగం, తానం, పల్లవి మూడు ట్రాకులుగా కోసి ఉంటాయి. గ్యాప్‌లెస్ లేని ప్లేయర్‌లో తానం పల్లవిలోకి దిగే చోట అర సెకను శ్రుతి తెగిపోతుంది. హరికథలకీ, పద్యనాటకాలకీ అంతే.

ఆండ్రాయిడ్‌తో నడిచే ఖరీదైన ప్లేయర్ల విషయంలో నాకున్న అనుమానం ఒక్కటే. శబ్దం చెడదు, ఆండ్రాయిడ్ పాతబడుతుంది. నాలుగైదేళ్ళకి స్ట్రీమింగ్ యాప్‌లు అప్‌డేట్ కావడం మానేస్తే 60 వేల వస్తువు మెమరీ కార్డు ప్లేయర్‌గా మిగులుతుంది. అదెలాగూ 10 వేలకే దొరికేది. కార్డు కొన్నాక పాటలెక్కించే ముందు ఎఫ్3 లాంటి ఉచిత ప్రోగ్రాంతో కార్డు నిండా రాసి, తిరిగి చదివించి చూడండి. 256 జీబీ అని అచ్చేసి లోపల 32 ఉన్న నకిలీలు చాలా తిరుగుతున్నాయి. మొదటి వెయ్యి పాటలు బాగానే మోగి, ఆ తర్వాతివి మధ్యలో తెగిపోతుంటే జనం ప్లేయర్‌ని తిడతారు.

ఇయర్‌ఫోన్ మీద డబ్బు పెట్టమన్నాను కానీ, దానికన్నా ముందు ఉచితంగా దొరికేది ఒకటుంది. పెట్టెలో వచ్చిన మూడు సైజుల సిలికాన్ టిప్‌లూ పెట్టి చూడండి. చెవి మూసుకోకపోతే బేస్ మొత్తం కారిపోతుంది, ఏ ప్లేయరూ దాన్ని తిరిగి తేలేదు. కుడి చెవికో సైజు, ఎడమ చెవికో సైజు పట్టడం మామూలే.

పాత పాటల ఫైళ్ళు

ఒకప్పుడు బజారులో "ఒకే సీడీలో 150 పాటలు" అని అమ్మేవారు. 700 ఎంబీలో నాలుగున్నర నిమిషాల పాటలు 150 పట్టాలంటే 128 కేబీపీఎస్ ఎంపీ3 తప్ప గతి లేదు. మన ఇళ్ళలో ఉన్న పాత తెలుగు పాటల ఫైళ్ళలో చాలా భాగం అవే, ఫోన్ నుంచి ఫోన్‌కి తిరుగుతూ వచ్చాయి. వాటినే కొందరు ఎఫ్‌ఎల్‌ఏసీగా, అంటే ధ్వనిలో ఏమీ పోగొట్టని ఫైల్‌గా, మార్చి పంచుతుంటారు. సైజు ఆరేడింతలు పెరుగుతుంది, పోయింది రాదు. స్పెక్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఫైల్ తెరిస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు కోత కనిపిస్తుంది. చెవితో పట్టుకోవాలంటే గజ్జెలు, తాళాలు, ఘటం వినండి. దెబ్బకి ముందే ఒక చిన్న నీడలా చప్పుడు వస్తుంది, గజ్జెలు నీళ్ళలో ఊగుతున్నట్టుంటాయి.

1950లు, 60ల సినిమా పాటలు మోనోలో రికార్డయినవి. వాటి 24 బిట్ ఫైళ్ళలో ఎక్కువగా దొరికేది పాత టేపు బుస, అది మరింత నిక్కచ్చిగా. వాటికి నిజంగా చేయగల మేలు వేరే ఉంది. క్యాసెట్ నుంచి ఎక్కించిన మోనో పాటల్లో టేపు హెడ్ కాస్త వంకరగా ఉండటం వల్ల కుడి, ఎడమలు వెంట్రుకవాసి ముందువెనకలవుతాయి. ఇయర్‌ఫోన్‌లో గొంతు తల మధ్యలో నిలవకుండా తేలిపోతుంటుంది. ఫోన్‌లో మోనో ఆడియో ఆన్ చేస్తే సరిపోతుందనుకుంటారు, కానీ ముందువెనకలైన రెంటిని కలిపితే పై స్వరాలు ఒకదాన్నొకటి తినేసి గొంతు మసకబారుతుంది. ఆడాసిటీలో ఫైల్ తెరిచి, స్టీరియో ట్రాక్‌ని రెండుగా విడదీసి, రెంటినీ విడివిడిగా విని, బుస తక్కువున్నదాన్ని ఉంచి రెండోది తీసేయండి. మిగిలినదాన్ని మోనోగానే ఎఫ్‌ఎల్‌ఏసీలో దాచుకోండి. గొంతు నడిమధ్యకి వచ్చి కూర్చుంటుంది.